అంశం సరే, సమస్య ఏది? – తెలుగు శాఖల పరిశోధన సలహా సంఘాలకు బహిరంగ లేఖ

ఆంధ్రప్రదేశ్, తెలంగాణ విశ్వవిద్యాలయాల తెలుగు శాఖల్లోని పరిశోధన సలహా సంఘాల అధ్యక్షులకు, సభ్యులకు,

పరిశోధన అంశం వేరు, పరిశోధన సమస్య వేరు. వేమన పద్యాలు, యక్షగానం, కళింగాంధ్ర కథ, బతుకమ్మ పాటలు – ఇవన్నీ అంశాలు. వీటిలో దేన్ని పట్టుకున్నా చదవడానికి జీవితకాలానికి సరిపడా ఉంటుంది కానీ, చదివి ఏం తేల్చాలో అంశం చెప్పదు. అది చెప్పేది సమస్య. ఇప్పటిదాకా ఉన్న సమాచారంతో జవాబు తెలియనిది, వెతికితే తెలిసే అవకాశం ఉన్నది, తెలిస్తే ఆ రంగంలో పనిచేసేవారి ఆలోచన ఎంతో కొంత మారేది – ఈ మూడు లక్షణాలూ ఉన్న ప్రశ్నే పరిశోధన సమస్య. మూడింటిలో మొదటిది కీలకం. జవాబు అవునని రావచ్చు, కాదనీ రావచ్చు. కాదని రావడానికి చోటు లేని శీర్షిక కింద నాలుగు వందల పేజీలు రాసినా అది వివరణే అవుతుంది, పరిశోధన కాదు.

ఈ తేడాను పట్టించుకోవలసిన బాధ్యత ఇప్పుడు సలహా సంఘాల మీదే ఉంది. యూజీసీ 2022 నవంబరులో ప్రకటించిన పీహెచ్‌డీ నిబంధనలు పరిశోధన ప్రతిపాదనను సమీక్షించి అంశాన్ని ఖరారు చేసే పనినీ, అధ్యయన పద్ధతిని రూపొందించుకోవడంలో స్కాలర్‌కు దారి చూపే పనినీ సంఘానికే అప్పగించాయి. స్కాలర్ ప్రతి సెమిస్టర్‌లోనూ సంఘం ముందుకు వచ్చి పని ఎంతవరకు నడిచిందో చెప్పాలి. కోర్స్ వర్క్‌తో కలిపి కనీస కాలం మూడేళ్లు, గరిష్ఠం ఆరేళ్లు. ఎం.ఫిల్. అదే నిబంధనలతో ఆగిపోయింది. ఒకప్పుడు ఎం.ఫిల్.లో ఒక చిన్న సమస్య మీద చెయ్యి తిరిగాక పెద్దదానికి వచ్చేవారు. ఇప్పుడు ఎం.ఏ. పరీక్షల్లో వ్యాసరూప సమాధానాలు రాసిన అలవాటుతో నేరుగా పీహెచ్‌డీలో అడుగుపెడుతున్నారు. వారికి ప్రశ్నకు జవాబు రాయడం వచ్చు. ప్రశ్న తయారుచేయడం ఎవరూ నేర్పలేదు.

దాని ఫలితం శీర్షికల్లో కనిపిస్తుంది. ఫలానా కవి కవిత్వం – సమగ్ర పరిశీలన. ఫలానా రచయిత నవలలు – సామాజిక స్పృహ. ఫలానా వారి కథలు – స్త్రీ పాత్రల చిత్రణ. పేరు మారుతుంది, గీతకు కుడివైపు ఉన్న మాట మారదు. అధ్యాయాల పొందిక కూడా ముందే తెలిసిపోతుంది: మొదట కవి జీవిత విశేషాలు, తరవాత రచనల పరిచయం, ఆపైన ఇతివృత్తాలు, శిల్పం, భాషాశైలి, చివర ముగింపు, దాని వెనక ఉపయుక్త గ్రంథసూచి. ఈ పొందికలో ఏ కవినైనా కూర్చోబెట్టవచ్చు. అందుకే ఏ కవి గురించీ కొత్త సంగతి బయటికి రాదు. ‘సామాజిక స్పృహ’ అని శీర్షికలోనే రాసుకున్న స్కాలర్ ఆ నవలల్లో అది లేదని చివరికి తేల్చిన ఉదాహరణ దొరకడం కష్టం. జవాబును తలకట్టులో పెట్టుకుని బయల్దేరినవాళ్లు దారిలో ఇంకేం చూడగలరు?

ఇలాంటి ప్రతిపాదనలకు సాధారణంగా ఒకే సమర్థన వినిపిస్తుంది: ఈ కవి మీద ఇంతవరకు ఎవరూ పరిశోధన చేయలేదు. ఎవరూ చేయకపోవడం సమాచారం మాత్రమే, కారణం కాదు. చేయని పనులు అనంతం. ఆ ఖాళీ వల్ల ఏది అర్థం కాకుండా ఉండిపోయిందో చెప్పగలిగితేనే దానికి విలువ. జీవించి ఉన్న రచయితల మీద తీసుకునే అంశాల్లో మరో చిక్కు ఉంది. రచయిత ఇంటర్వ్యూ అనుబంధంగా చేరుతుంది, పుస్తకాలు ఆయనే పంపుతారు, ఒక్కోసారి గైడ్‌కు ఆయన మిత్రుడై ఉంటారు. చివరికి తయారయ్యేది అభినందన సంచికకు గట్టి అట్ట వేసినట్టుంటుంది. సమకాలీన సాహిత్యం మీద పరిశోధన వద్దని దీని అర్థం కాదు. ఒక్క రచయితను కాక ఒక్క ప్రశ్నను మధ్యలో పెట్టుకుని, నలుగురైదుగురు రచయితలను దాని చుట్టూ చేరిస్తే ఈ మొహమాటం చాలావరకు పోతుంది.

అంశం నుంచి సమస్య దాకా ఎలా నడవాలో చూడడానికి వేమన మంచి ఉదాహరణ. ఒక స్కాలర్ ‘వేమన పద్యాలు – సామాజిక స్పృహ’ అన్న ప్రతిపాదనతో సంఘం ముందుకు వచ్చారనుకుందాం. మొదట అడగవలసింది స్పృహ గురించి కాదు, వేమన గురించి: ఏ వేమన? సి.పి. బ్రౌన్ 1829లో అచ్చువేసిన సంపుటంలో ఉన్నవి 693 పద్యాలు. 1839 నాటి సంపుటంలో 1,164. పదేళ్లలో 471 పెరిగాయి. తరవాతి సంకలనాల్లో లెక్క వేలల్లోకి పోయింది. కవి కాలం మీద పండితుల అంచనాలు శతాబ్దాల తేడాతో ఉన్నాయి. ఆటవెలది నడక, చివర మకుటం – ఈ రెండూ చేతిలో ఉంటే ఎవరైనా వేమన పద్యం కట్టగలరు, కట్టారు కూడా. అలాంటప్పుడు బజారులో దొరికిన ఒక సంకలనాన్ని ముందు పెట్టుకుని, అందులోని పద్యాల నుంచి ‘వేమన అభిప్రాయం’ తీయడం ఎవరి అభిప్రాయాన్ని తీయడమవుతుంది?

ఈ అభ్యంతరం అంశాన్ని కొట్టేయదు, సమస్యను పుట్టిస్తుంది. కర్తృత్వం తేలకపోతే కర్త మనసును వదిలిపెట్టి, చేతిలో ఉన్న సంపుటాలను ప్రశ్నించవచ్చు. 1829 సంపుటంలో లేకుండా 1839 సంపుటంలో చేరిన పద్యాలేవి? వాటిలో కులాన్ని గురించి, విగ్రహారాధనను గురించి, గురువును గురించి చెప్పినవి ఏ పాళ్లలో ఉన్నాయి? మొదటి సంపుటంలో ఆ పాలు ఎంత? రెండూ ఒకటే అయితే, రాతప్రతుల్లో తిరుగుతున్న వేమన సంప్రదాయానికి అప్పటికే ఒక స్థిరమైన ముఖం ఉందని చెప్పడానికి ఆధారం దొరుకుతుంది. పాలు మారితే, ఎంపికలో ఎవరి చెయ్యి ఉంది, ఏ ప్రాంతపు ప్రతులు కొత్తగా చేరాయి అన్న తరవాతి ప్రశ్న తలెత్తుతుంది. ఏ జవాబు వచ్చినా పనికొస్తుంది. బాగా నిర్వచించిన సమస్యకు ఇదొక గుర్తు: ఫలితం ఎటు తిరిగినా స్కాలర్ నష్టపోడు.

అయినా నిర్వచనం ఇంకా పూర్తి కాలేదు. కులాన్ని గురించిన పద్యం అంటే ఏది? కులం అన్న మాట వచ్చినదా, వృత్తుల పేర్లు వచ్చినవీ చేరతాయా, బ్రాహ్మణ పూజారిని వెక్కిరించిన పద్యం కులం కిందికి వస్తుందా, మతం కిందికా? ఈ నిర్ణయం పద్యాలు లెక్కపెట్టడానికి ముందే రాసి పెట్టుకోవాలి. ఒక యాభై పద్యాలు తీసుకుని ఇద్దరు విడివిడిగా వర్గీకరించి, ఎక్కడ తేడా వచ్చిందో చూసి, నియమాన్ని సవరించుకోవాలి. ఇది సాహిత్య విద్యార్థులకు చిరాకు కలిగించే పనే. కానీ లెక్క మొదలయ్యాక నియమాన్ని మార్చుకుంటూ పోతే కోరుకున్న ఫలితం దానంతట అదే వచ్చి కూర్చుంటుంది. ఈ దశలో పాత పనులను కూడా పక్కన పెట్టుకోవాలి. రాళ్లపల్లి అనంతకృష్ణశర్మ వేమన ఉపన్యాసాలు 1929లో పుస్తకంగా వచ్చాయి. ఎన్. గోపి ‘ప్రజాకవి వేమన’ సిద్ధాంత గ్రంథం. వారు తేల్చినదేమిటి, ఏ పాఠం మీద ఆధారపడ్డారు, తేల్చకుండా వదిలినదేమిటి అన్నది ఒక పేజీలో రాయగలిగిన స్కాలర్‌కు తన సమస్య ఎక్కడ నిలబడుతుందో తెలుస్తుంది. పేర్లు వరసగా రాసి ‘వీరు కూడా కృషి చేశారు’ అని ముగించే పూర్వ పరిశోధనల సమీక్ష ఎవరికీ అక్కరకు రాదు.

ఒక రంగంలో సమస్యలు తరతరానికీ ఎలా సన్నబడుతూ లోతెక్కుతాయో జానపద సాహిత్య పరిశోధన చూపిస్తుంది. బిరుదురాజు రామరాజు ఉస్మానియాలో పీహెచ్‌డీ పరిశోధన చేసిన కాలానికి తెలుగు జానపద గేయం విశ్వవిద్యాలయాల్లో పరిశోధనగా నిలదొక్కుకోలేదు. అందువల్ల ఆయన మొత్తం గేయ సాహిత్యాన్నే తీసుకున్నారు. ఏమున్నాయి, ఎన్ని రకాలు, ఎలా వర్గీకరించాలి అన్నవే అప్పటికి సమస్యలు. 1958లో అచ్చయిన ఆ సిద్ధాంత గ్రంథం పటం గీసింది. ఆ పటం ఉంది కాబట్టే నాయని కృష్ణకుమారి అందులోంచి గేయగాథలను విడదీసి చూడగలిగారు. తంగిరాల వెంకట సుబ్బారావు గాథల్లోనూ వీరగాథలకు పరిమితమయ్యారు. అమెరికా నుంచి వచ్చిన జీన్ రోఘేర్ ఒక్క పల్నాటి వీరుల కథను, అదీ అలిసెట్టి గాలెయ్య పాడిన పాఠాన్ని ఆధారంగా తీసుకుని 1982లో గ్రంథం వెలువరించారు. ‘సమగ్రం’ రామరాజుకు న్యాయం. ఆయన ముందు పటం లేదు. డెబ్బై ఏళ్ల తరవాత అదే రంగంలో ఒక జిల్లా పేరు చేర్చి ‘జానపద గేయాలు – సమగ్ర పరిశీలన’ అంటే గీసిన పటం మీదే మళ్లీ గీయడం. ఇప్పుడు అడగవలసినవి ఒకే గాథ ఇద్దరు గాయకుల నోట ఎందుకు మారుతోంది, శ్రోతలు మారినప్పుడు ఏ ఘట్టం కుదించుకుపోతోంది వంటివి.

పరిధిని తగ్గించడమంటే సమస్యను చిన్నబుచ్చడం కాదని భద్రిరాజు కృష్ణమూర్తి మాండలిక పని రుజువు చేసింది. తెలుగులో మాండలికాలు ఎన్ని, వాటి ఎల్లలు ఎక్కడ అన్నది పెద్ద ప్రశ్న. దాన్ని ఉన్నపళంగా పట్టుకుంటే ఉచ్చారణ, వ్యాకరణం, పదజాలం, కులం, చదువు అన్నీ మీద పడతాయి. ఆయన నేతృత్వంలో జరిగిన సర్వే వృత్తి పదాలను ఎంచుకుంది, మొదట వ్యవసాయం. ఎంపికకు తర్కం ఉంది. సాగు ప్రతి జిల్లాలోనూ ఉంది కనుక పోల్చడానికి వీలుంటుంది. రైతు తన పనిముట్టును పుస్తకంలో చూసి పిలవడు కనుక బడి భాష ప్రభావం తక్కువ. కోస్తాలో నాగలి అన్నదాన్ని రాయలసీమలో మడక అంటే, ఆ తేడా ఏ ఊరి దగ్గర మొదలవుతుందో వెతకవచ్చు. ఆంధ్రప్రదేశ్ సాహిత్య అకాడమీ 1962లో ప్రచురించిన ‘మాండలిక వృత్తి పదకోశం’ మొదటి సంపుటం అలా వచ్చింది. చేనేత పదాల సంపుటం 1971లో. పూర్వ, దక్షిణ, ఉత్తర, మధ్య అన్న నాలుగు మండలాల విభజన ఆ వ్యవసాయ పదాల ఆధారంగానే నిలబడింది. చిన్న కిటికీ తెరిచి పెద్ద ప్రశ్నకు జవాబు రాబట్టిన పని అది. ఇవాళ ట్రాక్టర్లు, కోత యంత్రాలు వచ్చాక ఆ పదాల్లో ఏవి నిలిచాయి, ఆ మండలాల ఎల్లలు అలాగే ఉన్నాయా అన్నది ఏ శాఖలోనైనా ముగ్గురు స్కాలర్లు పంచుకోగలిగిన సమస్య. పోల్చుకోవడానికి అరవై ఏళ్ల నాటి సామగ్రి అచ్చులోనే ఉంది.

మరో రకం సమస్య వివాదంలోంచి పుడుతుంది. మానవల్లి రామకృష్ణకవి 1909లో నన్నెచోడుని కుమారసంభవాన్ని వెలుగులోకి తెచ్చి, ఆ కవి నన్నయకన్నా ముందువాడన్నారు. అంతవరకు ఆదికవి ఎవరన్నది ప్రశ్నే కాదు. ఒక్క ప్రచురణతో ప్రశ్న అయింది. కాదు, నన్నెచోడుడు పన్నెండో శతాబ్ది వాడన్నవారు వచ్చారు. కావ్యం అసలు ప్రాచీనమేనా అన్న వాదమూ వచ్చింది. వివాదం నుంచి సమస్య తీసుకునేవారు పక్షం ఎంచుకోవడానికి ముందు ఒక పని చేయాలి: ఏ ఆధారం కనిపిస్తే ఏ పక్షం ఓడిపోతుందో రాయాలి. ఛందస్సులో, సంధి ప్రయోగాల్లో, పదరూపాల్లో పదో శతాబ్ది శాసనాలకూ పన్నెండో శతాబ్ది శాసనాలకూ స్పష్టమైన తేడాలుంటే, ఆ తేడాల పట్టికతో కావ్యభాషను పోల్చవచ్చు. శాసనాల భాష, కావ్యభాష ఒకే తీరున మారుతాయా అన్న సందేహం వెంటనే వస్తుంది; ఆ సందేహాన్నే ముందు పరిష్కరించవలసిన ఉపసమస్యగా గుర్తించడం నిర్వచనంలో భాగం. ఇరుపక్షాల వాదాలనూ రెండు అధ్యాయాల్లో సంగ్రహించి మూడో అధ్యాయంలో మధ్యేమార్గం చెప్పే పద్ధతికి ఇది పూర్తిగా విరుద్ధం.

శీర్షికలోనే ఒక ఉద్రిక్తత ఉండడం ఎంత మేలో చెప్పడానికి సి. నారాయణరెడ్డి సిద్ధాంత గ్రంథం చాలు: ‘ఆధునికాంధ్ర కవిత్వము – సంప్రదాయములు, ప్రయోగములు’. రెండు మాటలూ ఒకదాన్నొకటి ప్రశ్నిస్తాయి. ప్రయోగం సంప్రదాయాన్ని తెంచిందా, అందులోంచే పెరిగిందా అన్న ప్రశ్న చదివేవారికి తలకట్టు దగ్గరే ఎదురవుతుంది. వెల్చేరు నారాయణరావు ‘తెలుగులో కవితా విప్లవాల స్వరూపం’ కూడా అంతే; కవిత్వంలో విప్లవం అని దేన్ని అనాలన్నది అక్కడ తేలవలసిన విషయం.

సమస్య నిలబడుతుందా లేదా అన్నది ఆకరాల దగ్గర కూడా తేలుతుంది. పాత పత్రికల మీద పనిచేస్తామనేవారు వేటపాలెం సారస్వత నికేతనంలోనో, హైదరాబాదు శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయంలోనో, రాజమహేంద్రవరం గౌతమీ గ్రంథాలయంలోనో ఏ సంచికలున్నాయో, మధ్యలో ఎన్ని లేవో చూసి రావాలి. ఆ జాబితా ప్రతిపాదనకు జతచేయాలి. తాళపత్రాల మీద పని అంటే చెన్నై, తంజావూరు, హైదరాబాదుల్లోని ప్రాచ్య లిఖిత భాండాగారాల కేటలాగులు చూడడంతో పాటు ఆ లిపి చదవగలరో లేదో తేల్చుకోవాలి. మూడేళ్లలో ఒకటి లిపి నేర్చుకోవడానికే పోయేటట్టుంటే సమస్యను ఆ మేరకు కుదించాలి. క్షేత్ర పర్యటన ఉన్న పనికి గాయకుల, కళాకారుల అనుమతి, రికార్డింగులు ఎవరి దగ్గర ఉండాలన్న ఒప్పందం ముందే కావాలి.

ఇంతకుముందు ఏం జరిగిందో చూడడం పాతకాలంలో కంటే సులువు, అయినా కనిపించినంత సులువు కాదు. సిద్ధాంత గ్రంథాలు శోధగంగలో, ఆమోదం పొందిన సినాప్సిస్‌లు శోధగంగోత్రిలో దొరుకుతాయి. అయితే తెలుగు శీర్షికలు అక్కడ చాలాచోట్ల ఇంగ్లిషు లిపిలో, ఎవరికి తోచిన వర్ణక్రమంతో వారు ఎక్కించినవి. ఒక్క మాటతో వెతికి ‘ఏమీ లేదు’ అనుకోవడం ప్రమాదం. కంప్యూటర్లు రాకముందు సమర్పించిన గ్రంథాలు ఎన్నో శాఖల బీరువాల్లోనే ఉన్నాయి. వాటిని చూసినట్టు స్కాలర్ సంఘానికి చెప్పగలగాలి.

సలహా సంఘాలు అడగవలసినవి కొన్నే. సినాప్సిస్ మొదటి పేజీలో సమస్య ఒక ప్రశ్నవాక్యంగా ఉండాలి. ఆ ప్రశ్న మీద ఇప్పటికే ఉన్న జవాబులు, వాటిని ఇచ్చినవారి పేర్లతో రావాలి. స్కాలర్ ఊహిస్తున్న జవాబు, అంటే పరికల్పన, దాని కిందే రావాలి; అన్ని పనులకూ పరికల్పన అవసరం లేదు, పాఠ పరిష్కరణకూ పదకోశానికీ అది బలవంతపు అలంకారమే. కానీ పరికల్పన ఉన్నచోట, ఏ ఆధారం దొరికితే దాన్ని వదులుకుంటారో కూడా రాయాలి. పరిధి చెప్పేటప్పుడు ఏ కాలం, ఏ ప్రాంతం, ఏ రచనలు అన్నదానితో ఆగకుండా అక్కడే ఎందుకు గీత గీశారో కారణం ఉండాలి. 1990 నుంచి 2010 వరకు అంటే ఆ రెండు సంవత్సరాల్లో ఏం జరిగింది? అంకెలు గుండ్రంగా ఉన్నాయన్నది కారణం కాదు. స్త్రీవాదం, దళిత చైతన్యం, ప్రాంతీయ అస్తిత్వం వంటి మాటలు శీర్షికలో వస్తే వాటిని ఏ అర్థంలో వాడుతున్నారో రెండు వాక్యాల్లో చెప్పించాలి. ఆ చర్చను మొదటి అధ్యాయానికి వాయిదా వేయించకూడదు.

గైడ్ అంశం ఇవ్వడం తప్పు కాదు. ఒక ఆచార్యుడు తన సొంత పరిశోధనలో భాగంగా నలుగురు స్కాలర్లకు నాలుగు ఉపసమస్యలు పంచితే, శాఖలో ఒక పెద్ద పని తయారవుతుంది. వృత్తి పదకోశాలు అలాంటి సమష్టి శ్రమతోనే వచ్చాయి. సీటు ఖాళీ ఉంది కనుక, గడువు దగ్గరపడింది కనుక ఒక పేరు, ఒక గీత, ఒక మాట రాసిచ్చేయడమే తప్పు. ఆ సంతకం తరవాత స్కాలర్ నాలుగైదేళ్లు దాన్ని మోయాలి.

ఖరారు చేసిన శీర్షికను తిరిగి ముట్టుకోకూడదన్న భయం శాఖల్లో బలంగా ఉంది. ఆకరాలు చూశాక సమస్య కదలడం సహజం. వెతికిన పత్రిక సంచికలు దొరకకపోవచ్చు, మొదటి యాభై పద్యాల దగ్గరే వర్గీకరణ కూలిపోవచ్చు. అందువల్ల శీర్షిక ఖరారును కోర్స్ వర్క్ పూర్తయి, ప్రయోగాత్మకంగా కొంత సామగ్రిని పరిశీలించాక పెట్టడం మంచిది. ఆ తరవాత మొదటి ఏడాదిలో ఒకసారి మార్పును అనుమతించి, కారణాన్ని రాతలో తీసుకుని, పాత సినాప్సిస్‌తో పాటు కొత్తదాన్నీ శోధగంగోత్రిలో ఉంచాలి. ఒక దారి ఎందుకు మూసుకుపోయిందో అదే విషయం మీదికి రాబోయే మరో స్కాలర్‌కు అక్కడ కనిపిస్తుంది.

ఇట్లు,
తెలుగు పరిశోధన గ్రంథాల పాఠకులొకరు